బాత్రూమ్ ఫ్యానుకి వేరే స్విచ్చు: గ్రీన్ వైరు జోలికి మాత్రం వెళ్లనివ్వకండి

ప్రశ్న: మాది విజయవాడలో అపార్ట్‌మెంటు, కట్టి పదిహేనేళ్లు దాటింది. బాత్రూమ్‌లో లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాను రెండూ ఒకే స్విచ్చుకి ఉన్నాయి. మా మామగారు రాత్రిపూట రెండు మూడుసార్లు లేస్తారు. లైటు వేయగానే ఫ్యాను బర్రుమని మొదలవుతుంది, పక్క గదిలో పిల్లలకి మెలకువ వచ్చేస్తుంది. అందరి నిద్రా పాడవుతోందని ఆయన ఈ మధ్య లైటు వేయకుండా చీకట్లోనే వెళ్తున్నారు, నాకు అదే టెన్షన్. రెండిటికీ వేరువేరు స్విచ్చులు పెట్టించాలని ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే టైల్స్ పగలగొట్టి కొత్త పైపు వేయాలన్నాడు. ఇంకొకాయన వచ్చి చూసి, లోపల గ్రీన్ వైరు ఖాళీగానే ఉంది, దానితో అరగంటలో చేసేస్తానన్నాడు. ఎవరి మాట వినాలి? స్నానం అయ్యాక ఫ్యాను ఎంతసేపు తిరగాలో కూడా చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు ఆ గ్రీన్ వైరు ఆయన్ని ఆపండి. మొదటాయన చెప్పినంత పని ఉండకపోవచ్చు, దాని సంగతి తర్వాత చెప్తాను. రెండో ఆయన చేస్తానన్నది మాత్రం ఎవరింట్లోనూ చేయకూడదు. గ్రీన్ వైరు అంటే ఎర్తు. మామూలు రోజుల్లో దానిలో కరెంటు పారదు కాబట్టి ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఏదైనా వస్తువు లోపల పాడై దాని ఇనుప బాడీకి కరెంటు తగిలిన రోజున, మనిషి ఒంటి మీదుగా పోకుండా ఆ కరెంటుకి దారి ఇచ్చి, ఎమ్‌సీబీనో (కరెంటు మోతాదు మించితే తనే ఆగిపోయే స్విచ్చు) ఆర్‌సీసీబీనో (కరెంటు లీకైతే ఆగిపోయే స్విచ్చు) వెంటనే పడేలా చేసేది ఆ వైరే.

వాళ్లు చేసే పద్ధతి ఇలా ఉంటుంది. కింద బోర్డులో గ్రీన్ వైరుని ఎర్తు నుంచి ఊడదీసి కొత్త స్విచ్చుకి బిగిస్తారు, పైన ఫ్యాను దగ్గర అదే వైరుని ఫేజుగా, అంటే కరెంటు తెచ్చే వైరుగా, కలుపుతారు. ఫ్యాను చక్కగా తిరుగుతుంది, డబ్బులు తీసుకుని వెళ్లిపోతారు. పైన వైర్లు కలిసే జంక్షన్ బాక్సులో అదే గ్రీన్ వైరు నుంచి ఇంకో ముక్క లైటు ఫిట్టింగు ఇనుప బాడీకో పక్కనున్న సాకెట్ ఎర్తు పిన్నుకో వెళ్లి ఉంటే, ఇక ఫ్యాను స్విచ్చు వేసినప్పుడల్లా ఆ బాడీ మీద 230 వోల్టులు ఉంటాయి. బాత్రూమ్‌లో మనం ఉండేది తడి ఒంటితో, చెప్పులు లేకుండా, తడి నేల మీద. పొడి చర్మం కరెంటుని కొంత అడ్డుకుంటుంది, తడిసిన చర్మం అంత అడ్డుకోలేదు. ఒకవేళ ఆయన జాగ్రత్తగా ఆ ముక్కలన్నీ విడదీసినా సరే, లైటుకీ ఫ్యానుకీ ఎర్తు పోయినట్టే. పైగా రెండేళ్ల తర్వాత ఇంకెవరో పని మీద వచ్చి, గ్రీన్ రంగు చూసి ఎర్తే కదా అని చేత్తో పట్టుకుంటాడు. ఆ మనిషికి ఏమైనా అయితే ఎవరు బాధ్యులు?

ఇక ఈ రాత్రి సంగతి. వైరింగు పని ఎప్పుడు అవుతుందో తెలియదు, అప్పటిదాకా మామగారు చీకట్లో నడవకూడదు. తడి టైల్స్ మీద పెద్దవాళ్లు జారిపడితే తుంటి విరగొచ్చు, ఆ తర్వాత కోలుకోవడం చాలా కష్టం. చాలా ఇళ్లలో వెంటిలేటర్ పక్కన చిన్న సాకెట్ ఉంటుంది, ఎగ్జాస్ట్ ఫ్యాను ప్లగ్గు అందులో పెట్టి ఉంటుంది. మీకూ అలాగే ఉంటే పగటిపూట, బాత్రూమ్ పొడిగా ఉన్నప్పుడు, మెయిన్ ఆపేసి, ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపేసి, ఆ ప్లగ్గు పీకేయండి. అంతే, ఇక లైటు ఒక్కటే వెలుగుతుంది. కొన్నాళ్లు ఫ్యాను లేకపోయినా స్నానం అయ్యాక తలుపు, వెంటిలేటర్ తెరిచి ఉంచితే గడిచిపోతుంది. ప్లగ్గు లేకుండా ఫ్యానుకి నేరుగా వైర్లు కలిపి ఉంటే మీరు ముట్టుకోకండి. బ్యాటరీతో పనిచేసే, మనిషి కదలగానే వెలిగే చిన్న లైట్లు దొరుకుతాయి. ఒకటి మంచం దగ్గర, ఒకటి బాత్రూమ్ గుమ్మం పైన అంటించండి. అవి తర్వాత కూడా పనికొస్తాయి.

ఇప్పుడు అసలు పని. గోడ పగలగొట్టాలా వద్దా అన్నది ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది: లైటు వైరు, ఫ్యాను వైరు ఎక్కడ కలిశాయి? దీన్ని చూడకుండా ఎవరైనా రేటు చెప్తే ఆ మాట నమ్మకండి.

మన ఇళ్లలో బాత్రూమ్ స్విచ్చులు దాదాపు ఎప్పుడూ బయట, తలుపు పక్కన గోడకి ఉంటాయి, అది మంచిదే. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి ఆ బోర్డు ప్లేటు ఊడదీసినప్పుడు మీరు పక్కనే నిలబడి చూడండి. లైటు స్విచ్చుకి వెనకాల రెండు స్క్రూలు ఉంటాయి. ఒకదానికి ఫేజు వస్తుంది, అది పక్క స్విచ్చు నుంచి లూపు కొట్టి తెచ్చింది అయ్యుండొచ్చు. రెండోదాని నుంచి వైరు పైకి బాత్రూమ్‌లోకి వెళ్తుంది. ఆ రెండో స్క్రూ కింద రెండు వైర్లు కలిపి బిగించి ఉంటే మీ అదృష్టం బాగున్నట్టే. లైటుకి ఒకటి, ఫ్యానుకి ఒకటి విడివిడిగా అక్కడిదాకా వచ్చాయన్నమాట. బిల్డర్ స్విచ్చు మిగుల్చుకోవడానికి రెండిటినీ ఒకదానికే కట్టి ఉంటాడు. ప్లేటులో డమ్మీ (స్విచ్చు లేని చోట పెట్టే ఖాళీ మూత) ఉంటే అది తీసి ఒక 6 ఆంప్స్ స్విచ్చు పెట్టి, లైటు స్విచ్చు ఫేజు స్క్రూ నుంచి దానికి చిన్న లూపు వేసి, ఫ్యాను వైరుని దీనికి మార్చేస్తే అయిపోయింది. పావుగంట పని. గోడ జోలికి పోనక్కర్లేదు. డమ్మీ లేకపోతే కొంచెం పెద్ద బాక్సు, ప్లేటు మార్చాలి, దానికి బోర్డు చుట్టూ కాస్త ప్లాస్టరింగు పడుతుంది, టైల్స్ దాకా వెళ్లదు.

ఆ స్క్రూ కింద ఒకటే వైరు ఉంటే కలిసింది పైనే. అక్కడ చూడాల్సినవి రెండు మూడు చోట్లు: బాత్రూమ్ లోపల తలుపు పైన గుండ్రటి మూత ఉన్న జంక్షన్ బాక్సు, లైటు హోల్డర్ వెనకాల, లేదా అటక మీద. పీవీసీ ఫాల్స్ సీలింగు వేయించి ఉంటే బాక్సు దాని వెనక దాక్కుని ఉంటుంది, ఒక షీటు తీస్తే కనపడుతుంది. ఈ పరిస్థితిలో బోర్డు నుంచి ఆ బాక్సు దాకా ఒకే ఒక్క కొత్త వైరు కావాలి. మళ్లీ చెప్తున్నాను, ఒక్కటే. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, అక్కడ ఇప్పటికే ఉంది, ఎర్తు ఉంది, లైటుకి వెళ్లే ఫేజు ఉంది. ఫ్యానుకి విడిగా ఇంకో ఫేజు వైరు వెళ్తే చాలు. మీ మొదటి ఎలక్ట్రీషియన్ దీనికి కొత్త పైపే వేయాలన్నాడు, కానీ ఉన్న పైపులోనే ఆ వైరు పట్టే అవకాశం చాలా ఎక్కువ. ఎగ్జాస్ట్ ఫ్యాను మహా అయితే 40, 45 వాట్లు, తీసుకునే కరెంటు పావు ఆంపు కూడా ఉండదు, దీనికి లావు వైరు అవసరమే లేదు. లైటింగుకి వాడే ఒకటి లేదా ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఐఎస్ఐ మార్కు ఉన్నది, సరిపోతుంది. మూడు వైర్లు ఉన్న ముప్పావు అంగుళం పైపులో నాలుగోది పట్టడం మామూలుగా పెద్ద విషయం కాదు.

ఎలా లాగుతారో చెప్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది ఒకసారి ప్రయత్నించి పోవట్లేదని వదిలేస్తారు. ముందు ఒక చివర నుంచి స్టీల్ స్ప్రింగు తోస్తారు. అది అవతల తేలితే దానికి కొత్త వైరు కట్టి వెనక్కి లాగుతారు. స్ప్రింగు వంపు దగ్గర ఆగిపోతే పాత ఫేజు వైరునే తాడులా వాడతారు. పాత వైరు చివరకి రెండు కొత్త వైర్లు కట్టి, ముడి లావు కాకుండా టేపు సన్నగా చుట్టి, కాస్త టాల్కం పౌడరు పూసి, ఒకరు ఇటు తోస్తుంటే ఇంకొకరు అటు లాగితే పాతది బయటికి వస్తూ కొత్తవి రెండూ లోపలికి వెళ్తాయి. దీనికి ఇద్దరు మనుషులు కావాలి, ఒక్కడే వచ్చినవాడు చేయలేడు. ఒంటరిగా వచ్చినవాళ్లు టైల్స్ పగలగొట్టాలని అనడానికి ఇదీ ఒక కారణం. పదిహేనేళ్ల వైరు ఎలాగూ మారుతుంది కాబట్టి మీకు నష్టం లేదు. ఒక హెచ్చరిక: బిగుసుకుపోయిన వైరుని బలవంతంగా గుంజితే లోపల ఇన్సులేషన్ చీరుకుపోతుంది, లేదా వైరే తెగుతుంది, అప్పుడు ఉన్న లైటు కూడా పోతుంది. గట్టిగా పట్టేస్తే ఆపేయమనండి.

కట్టేటప్పుడు సిమెంటు పాలు పైపులోకి దిగి గట్టిపడ్డా, శ్లాబు వేసేటప్పుడు పైపు నొక్కుకుపోయినా నిజంగానే వైరు వెళ్లదు. అప్పుడు కూడా మొదట టైల్స్ పగలగొట్టకండి. బోర్డు పైనుంచి బయట గోడ మీద పీవీసీ కేసింగు పట్టీ వేసి, తలుపు పైన ఒక చిన్న రంధ్రం చేసి, లోపల పైభాగంలో ఫ్యాను దాకా తీసుకెళ్లొచ్చు. చూడటానికి అంత అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. కానీ టైల్స్ వెనక ఉన్న వాటర్ ప్రూఫింగు ఒకసారి దెబ్బతింటే కింది ఫ్లాటు సీలింగు తడుస్తుంది, ఆ గొడవ ముందు ఈ పట్టీ నయం. లోపల పట్టీ, అతుకులు షవరు నీళ్లు చిమ్మని ఎత్తులో, చేతికి అందని చోట ఉండాలి. అతుకుల దగ్గర వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయడం బాత్రూమ్‌లో పనికిరాదు. ఆవిరికి టేపు జిగురు వదిలేస్తుంది. కనెక్టరు వేసి, మూత ఉన్న బాక్సులో పెట్టమనండి.

న్యూట్రల్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కొత్త స్విచ్చుకి ఫేజు ఎక్కడ నుంచి తీసుకుంటున్నారు అని అడగండి. లైటు స్విచ్చుకి వచ్చే ఫేజు నుంచే లూపు వేయాలి, ఎందుకంటే పైన ఫ్యాను వాడుకునే న్యూట్రల్ లైటుతో పాటు వచ్చిందే. ఫేజు ఒక లైనుది (ఒక్కో ఎమ్‌సీబీ కింద నడిచేది ఒక లైను), న్యూట్రల్ ఇంకో లైనుది అయితే రెండు తంటాలు. ఒక్కో లైనుకి వేరే ఆర్‌సీసీబీ ఉన్న ఇళ్లలో ఫ్యాను వేయగానే అది పడిపోతుంది, ఎందుకంటే వెళ్లిన కరెంటు తిరిగి అదే దారిలో రాలేదు. అది లేని ఇళ్లలో ఇంకా ప్రమాదం, ఏమీ పడదు, అంతా బాగానే ఉన్నట్టుంటుంది, కానీ ఎవరో ఒక లైను ఎమ్‌సీబీ ఆపి పనిచేస్తుంటే ఆ న్యూట్రల్ వైరులో రెండో లైను కరెంటు ఉంటుంది.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందో లేదో రాయలేదు. ఉంటే బాత్రూమ్ లైటు దాని మీదే ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు మీటరు దగ్గర మెయిన్ ఆపినా ఈ బోర్డులో కరెంటు పోదు. మెయిన్ ఆపాం కదా అని చెయ్యి పెట్టినవాళ్లకి షాకు కొట్టేది ఇలాంటి చోటే. ఇన్వర్టర్ కూడా ఆపించి, ఆ తర్వాత టెస్టరుతో చూడాలి. ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో ముందు కరెంటు ఉన్న వేరే చోట చూసి, ఇక్కడ చూసి, మళ్లీ అక్కడ చూడాలి. నియాన్ టెస్టరు ఒక్కోసారి పక్క వైరు ప్రభావానికి సన్నగా వెలుగుతుంది, అనుమానం ఉంటే మల్టీమీటరు, లేదా టెస్ట్ లాంపు. ఫ్యాను కూడా ఇన్వర్టర్ మీదే ఉండిపోతే ఫర్వాలేదు, 40 వాట్లే కదా.

రెండో సులువు దారి అంటూ మీకు ఇంకొకరు గీజర్ పాయింటు నుంచి ఫ్యానుకి వైరు లాగుతామని చెప్తారు. వద్దనండి. గీజర్ లైనుకి లావు వైరు, పెద్ద ఎమ్‌సీబీ ఉంటాయి, మామూలుగా 16 లేదా 20 ఆంప్స్‌ది. ఫ్యాను సన్న వైరులో తేడా వస్తే ఆ పెద్ద ఎమ్‌సీబీ పడేలోపు సన్న వైరు వేడెక్కి కాలిపోవచ్చు.

గీజర్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మీది కరెంటు గీజర్ అనుకుంటున్నాను. ఒకవేళ బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉంటే ఈ ఫ్యాను పని పక్కన పెట్టి ముందు దాన్ని బయటికి మార్పించండి. అది మండేటప్పుడు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, లోపల ఉన్నవాళ్లు కేక వేసేలోపే స్పృహ తప్పుతారు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. తలుపు బిగుతుగా మూసి ఉంటే ఆ ఫ్యాను గది గాలిని లాగుతూ గీజర్ పొగని వెనక్కి లోపలికే రప్పించగలదు.

ఎవరితో చేయించాలి అంటే, లైసెన్సు లేదా వైర్‌మన్ పర్మిట్ ఉన్న మనిషితో. పాడైన స్విచ్చు, ఫ్యాను, బల్బు ఉన్నది ఉన్నట్టు మార్చుకోవడం వరకే ఇంట్లోవాళ్లు చేసుకోవచ్చని, కొత్తగా వైరు కలపడం, మార్పులు చేయడం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు పని అని 1956 నాటి విద్యుత్ నిబంధనల కాలం నుంచే ఉంది. మీ ఇంట్లో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ లేకపోతే అదే మనిషితో ఈ పనితో పాటే పెట్టించండి. స్విచ్చు కోసం పెట్టే ఖర్చు కన్నా దానికి పెట్టే ఖర్చు ముఖ్యం, పెద్దాయన, పిల్లలు ఉన్న ఇల్లు మీది.

పని అయ్యాక ఆయన్ని పంపేసే ముందు చూసుకోవాల్సినవి: లైటు ఒక్కటే, ఫ్యాను ఒక్కటే, రెండూ కలిపి వేసి చూడండి. స్విచ్చు ఆపినా ఎల్ఈడీ లైటు మినుకుమినుకుమంటుంటే స్విచ్చు ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద పడిందేమో చూడమనండి, స్విచ్చు తెంచాల్సింది ఫేజునే. ఫ్యాను బాడీ ఇనుముదైతే గ్రీన్ వైరు దానికి కలిపారా అని అడిగి, కళ్లతో చూడండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని రాసి ఉన్న బటన్ నొక్కితే అది పడాలి. లైటు స్విచ్చు మామగారికి అలవాటైన చోటే ఉంచి, కొత్తది పక్కన పెట్టించండి. చీకట్లో చెయ్యి వెతుక్కునేది పాత చోటే. చీకట్లో సన్నగా వెలిగే ఇండికేటర్ ఉన్న స్విచ్చులు కూడా దొరుకుతాయి. కొన్ని ఎల్ఈడీ బల్బులు వాటితో ఆపినా సన్నగా వెలుగుతుంటాయి, కాబట్టి పెట్టించేముందు మీ బల్బుతో ఒకసారి వేసి చూడండి.

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ల ఇళ్లలో లైటు ఆపాక కూడా బాత్రూమ్ ఫ్యాను కాసేపు తిరిగి తనంతట తనే ఆగిపోతుంది. మీ బంధువులెవరైనా అలాంటిది పంపిస్తామన్నా తొందరపడకండి. ఆ ఫ్యాను లోపల టైమరు ఉంటుంది, దానికి ఎప్పుడూ కరెంటు ఉండే ఫేజు ఒకటి, లైటు స్విచ్చు నుంచి వచ్చే ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి కావాలి. అంటే పైకి ఆ అదనపు వైరు దానికీ లాగాల్సిందే. పైగా లైటు వేసినప్పుడల్లా అదీ తిరుగుతుంది, మీ రాత్రి సమస్య అలాగే ఉంటుంది. మీకు విడి స్విచ్చే సరైనది. మర్చిపోతామనుకుంటే ఫ్యాను స్విచ్చు స్థానంలో టైమరు స్విచ్చు పెట్టించుకోవచ్చు. వాటిలో చాలావాటికి బోర్డులో న్యూట్రల్ కూడా కావాలి, కొనేముందు ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

ఫ్యాను ఎంతసేపు తిరగాలి అన్నారు. స్నానం మొదలుపెట్టేటప్పుడు వేసి, బయటికి వచ్చాక ఇంకో 20 నిమిషాలు ఉంచండి. ఆవిరి అంతా గాల్లోనే ఉండదు, గోడలకి, సీలింగుకి, అద్దానికి పట్టి ఉంటుంది. అది ఆరకుండా ఫ్యాను ఆపేస్తే మూలల్లో నల్ల బూజు, సీలింగు రంగు పొట్టులు లేవడం మొదలవుతాయి. ఇప్పటిదాకా ఒకే స్విచ్చు కావడంతో బయటికి రాగానే లైటుతో పాటు ఫ్యానూ ఆపేస్తూ ఉండి ఉంటారు, విజయవాడ ఉక్కకి అది మరీ ఇబ్బంది. బిల్లు గురించి ఆలోచించకండి, 40 వాట్ల ఫ్యాను రోజుకి గంటన్నర తిరిగినా నెలకి రెండు యూనిట్లు దాటదు. ఫ్యాను తిరిగేటప్పుడు తలుపు మూసి ఉంటే కింద అర అంగుళం సందు ఉండాలి, లోపలికి గాలి రాకపోతే అది బయటికి తోయడానికి ఏమీ ఉండదు. ఒక పేపరు ముక్క ఆ సందు దగ్గర పట్టుకుని చూడండి. అది లోపలికి లాగుతున్నట్టు ఊగితే గాలి ఆడుతున్నట్టే. ఊగకపోతే ఫ్యాను రెక్కలు, బయట మూత దుమ్ముతో పూడుకుపోయాయేమో, ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజే కరెంటు ఆపి ఉండగా తుడిపించేయండి. ఆ బర్రుమనే చప్పుడులో సగం దానివల్లే అయ్యుండొచ్చు.